బదర్ కిటికీలో ఏడు గళ్ళు

కువైట్ సబా అల్ సలేంలో సాయంత్రపు అసర్ నమాజు అయిందంటే ఆ ఇంట్లో మూడు పనులు ఒకదాని వెంట ఒకటి జరిగిపోయేవి. వంటింట్లో అమీర్‌బీ ఏలకులు దంచి గహ్వా కాఫీ పొయ్యి మీద పెట్టేది. హాల్లో ఇంటి యజమానురాలు లూల్వా మామా జానిమాజు చాప మడిచి కుర్చీ చేతి మీద వేసుకుని, కొడుకు కంప్యూటరు ముందు కూర్చునేది. అయిదు నిమిషాలకు టీవీలో కిటికీ తెరుచుకునేది, సముద్రపు గాలి వచ్చేది.

గాలంటే మామూలు గాలేనండీ, పెద్దగా ఊహించుకోకండి. కొంచెం ఉప్పు వాసన, కొంచెం చేపల వాసన, మధ్యలో ఎప్పుడైనా ఒక పడవ మోటారు చప్పుడు. అమీర్‌బీ గహ్వా పళ్ళెం పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి పరదా ఊగుతూ ఉండేది. తడి నమాజు గుడ్డలు తెచ్చి ఆ కుర్చీ వీపుకి ఆరేస్తే పావుగంటలో ఆరిపోయేవి. బయట ఎండ ఎలా కాస్తున్నా, ఏసీ చెడిపోయి ఆగినా, ఆ ఒక్క మూల చల్లగా ఉండేది. ఇంటికి వచ్చిన చుట్టాలు కూడా ‘ఈ పొద్దు గాలి ఎక్కువగా ఉంది లూల్వా, శాలువా కప్పుకో’ అనేవాళ్ళే తప్ప, అదేమిటని ఒక్కరూ అడగలేదు. ఇచ్చేవాడు ఇస్తుంటే ఏ దారిన పంపాడని నిలదీయడానికి మనమెవరం?

ఆ కిటికీ గీసింది ఆమె ఒక్కగానొక్క కొడుకు బదర్. ఆ కంప్యూటరు ఇప్పటివాటిలా ఉండదు. కీబోర్డూ కంప్యూటరూ ఒకే ముక్క. మీటల మీద అరబ్బీ అక్షరాలు. ఒక తీగ టీవీకి, ఒక తీగ క్యాసెట్టు రికార్డరుకి. పదో తరగతిలో నాన్న కొనిచ్చాడు. నాన్న పోయాక బదర్ దాని ముందే కూర్చుని లెక్కలు చేసేవాడు, బొమ్మలు గీసేవాడు. పంతొమ్మిదో ఏట అమ్మ కోసం ఒక కిటికీ గీశాడు, పన్నెండు గళ్ళది, అవతల సముద్రంతో. ఆ నెలలోనే ఇరాక్ సైన్యం వచ్చింది. ఒకరోజు ఇంట్లో రొట్టె లేదు. ‘వీధి చివరిదాకా వెళ్ళి ఖుబూస్ తెచ్చిపెట్టు నాన్నా’ అంది తల్లి. బదర్ చెప్పులు వేసుకుని వెళ్ళాడు. చెక్‌పోస్టులో పట్టుకున్నారని ఒకరు, లారీ ఎక్కించడం చూశామని ఇంకొకరు చెప్పారు. అంతే, ఏడేళ్ళయినా ఇంకో కబురు లేదు.

అప్పటి నుంచి మామాకి ఒక భయం. గడప దాటినవాళ్ళు తిరిగి రారని. అమీర్‌బీ రాయచోటి నుంచి పనికి వచ్చి నాలుగేళ్ళయింది. రెండుసార్లు సెలవడిగింది. రెండుసార్లూ మామా కసురుకోలేదు, కొట్టలేదు. ఆమె రెండు చేతులూ పట్టుకుని, “నువ్వూ పోతావా?” అంది. అంతే. పాస్‌పోర్టు ఇనప బీరువాలోనే ఉండిపోయింది. మూడేళ్ళప్పుడు వదిలొచ్చిన కూతురు ముబీనాకి అక్కడ ఏడేళ్ళు నిండాయి.

మామా పగలంతా ముద్ద ముట్టేది కాదు. తింటే ఆ కిటికీ ముందే, ఆ గాలి తగులుతుండగానే. అమీర్‌బీ పళ్ళెం ఒళ్ళో పెడితే కిటికీ వైపు చూస్తూ, కొడుకు ఎదురుగా ఉన్నట్టు, “చేప బావుంది బదర్, ఉప్పు తగ్గింది” అంటూ తినేది.

ఇలా ఉండగా ఆగస్టులో ఒక ఆదివారం కిటికీ తెరుచుకోలేదు.

గహ్వా తెచ్చిన అమీర్‌బీకి పరదా ఊగకుండా కనిపించింది. టీవీ నీలంగా ఉంది. మామా స్విచ్చి తీసి వేసింది. మళ్ళీ తీసి వేసింది. పదోసారో పన్నెండోసారో లోపల టిక్కుమని ఒక చప్పుడు వచ్చి ఆ నీలం కూడా పోయింది. ఆ తర్వాత కంప్యూటరు లేవనే లేదు.

ఆ పూట పళ్ళెం ఎలా వెళ్ళిందో అలాగే వెనక్కి వచ్చింది.

రెండు దుకాణాలకు ఫోను చేస్తే, “ఇంకా ఉన్నాయా అవి? పారేసి కొత్తది కొనుక్కో అమ్మా” అన్నారు. మూడోరోజున హవల్లీ నుంచి చాంద్ బాషా వచ్చాడు. రాయచోటి పక్క సుండుపల్లి మనిషి, టీవీలు బాగుచేస్తాడు. నడుముకి సంచి, చెవి మీద పెన్సిలు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక మాట.

“ఏమ్మా, ఏ ఊరు? రాయచోటా? అట్ల చెప్పు. నువ్వు తలుపు తీసేటప్పుడే అనుకుంటి, ఈ మొగం మన పక్కదేనని.” కంప్యూటరు చూసి కళ్ళు పెద్దవి చేశాడు. “యబ్బా! ఈ ముసలోడు ఇంకా బతికే ఉన్నాడా!”

“బతికుంటే నిన్నెందుకు పిలుస్తారన్నా” అంది అమీర్‌బీ.

“నాడి చూడనీ మొదట.”

బిస్మిల్లా అనుకుని మొదలుపెట్టాడు. ముందు గోడ ప్లగ్గు చూశాడు, తర్వాత తీగ. తీగలో కరెంటు వస్తోంది, పెట్టెలోకి పోవడం లేదు. మూత విప్పి ఫ్యూజు తీసి వెలుతురుకి పెట్టి చూస్తే లోపలి వెంట్రుకంత తీగ మాడిపోయి ఉంది. కొత్తది వేశాడు. ఎర్ర దీపం వెలిగింది, టీవీ నీలమైంది, అరబ్బీలో సలాము చెప్పింది. కుర్చీలో ఉన్న మామా లేచి నిలబడింది.

క్యాసెట్టు తిప్పాడు. రికార్డరు తిరిగింది, తిరిగింది. కిటికీ రాలేదు.

“ఇనుక్కోమా” అన్నాడు బాషా అమీర్‌బీతో. “ఈ మిషను నిద్రలేచినప్పుడు దానికేమీ గుర్తుండదు, పుట్టిన బిడ్డ లెక్క. దాని పాఠమంతా క్యాసెట్టులో ఉంటాది. క్యాసెట్టు కీచుమని అరుస్తాది, ఆ అరుపు ఇని ఇది బొమ్మేస్తాది. ఇప్పుడు దీనికి చెవుడన్నా వచ్చుండాల, దానికి గొంతన్నా పొయ్యుండాల.”

అమీర్‌బీ చేతిలో చెంచా ఆగిపోయింది. బాషా చూడలేదు. తొందరలో ఉన్నాడు.

రెండోసారి వచ్చినప్పుడు అంతా ఊడదీశాడు. లోపల ఇసుక. ఏడేళ్ళుగా ఆ కిటికీలోంచి వచ్చి చేరిన సన్నటి సముద్రపు ఇసుక, రెండు గుప్పెళ్ళు. కుంచెతో ఊడ్చి కాగితంలో పొట్లం కట్టి మామాకిచ్చాడు. ఉబ్బిపోయిన కెపాసిటర్లు రెండు మార్చాడు. మచ్చలు పడ్డ బోర్డు అంచులను పెన్సిలు రబ్బరుతో రుద్దాడు. రికార్డరు తల స్పిరిటుతో తుడిచాడు, సాగిపోయిన బెల్టు తీసి శుక్రవారం సంతలో దొరికిన పాత మిషను బెల్టు వేశాడు. ఈసారి క్యాసెట్టు సగం తిరగగానే తెర మీద బొమ్మ కదిలింది.

రెండు ఒంటెలు. వాటి కింద అరబ్బీ అంకెల్లో ‘రెండూ మూడూ ఎంత?’

“ఇది చిన్నపిల్లల లెక్కల పాఠం” అన్నాడు బాషా. మామా వైపు తిరిగి అరబ్బీలో మెల్లగా చెప్పాడు. “మామా, మిషను బాగుంది. దానికి ఏ రోగమూ లేదు. క్యాసెట్టు ఇది కాదు.”

“ఇదే. రికార్డరులోంచి నేనెప్పుడూ తియ్యను” అంది మామా.

అమీర్‌బీ వంటింట్లోకి వెళ్ళి సింకు పట్టుకుని నిలబడింది.

ఏం జరిగిందో వినండి. రాయచోటి నుంచి గల్ఫుకి వచ్చిన ఆడవాళ్ళలో రాయడం రానివాళ్ళే ఎక్కువ. ఉత్తరానికి బదులు క్యాసెట్టు నింపి, ఊరికి పోయేవాళ్ళ చేతికిస్తారు. ఆ నింపడానికి ఒక పద్ధతుంది. ఒక మాట అడగడం, తర్వాత కొంచెంసేపు ఊరుకోవడం. అవతల వినేవాళ్ళు ఆ ఖాళీలో జవాబు చెప్పుకుంటారు. ఎవరికీ వినపడదు ఆ జవాబు, అయినా చెప్తారు. అప్పుడది ఉత్తరంలా ఉండదు, పక్కన కూర్చుని మాట్లాడినట్టుంటుంది.

కిటికీ ఆగిపోయిన రోజు పొద్దున, పక్కింటి డ్రైవరు నయీమ్ రెండు నెలల సెలవు మీద ఊరికి పోతూ, “ఏమన్నా ఉంటే మధ్యాన్నంలోగా ఇయ్యక్కా” అన్నాడు. ముబీనాకి కొన్న గౌను సిద్ధంగా ఉంది. క్యాసెట్టే లేదు. దాచుకున్నది మేడ మీది గదిలో ఎండకి వంకర పోయింది. మామా నిద్రపోతోంది. అమీర్‌బీ హాల్లోకి వచ్చి రికార్డరులో ఉన్న క్యాసెట్టు మీట నొక్కి చూసింది. కీచుమని అరుపు తప్ప ఒక పాట లేదు, ఒక మాట లేదు. ‘పాడైన క్యాసెట్టే కదా’ అనుకుంది. నాలుగేళ్ళుగా కిటికీ తెరుచుకున్నాక చూసిందే గానీ, తెరుచుకునేటప్పుడు ఏనాడూ చూడలేదు. ఆ అయిదు నిమిషాలూ ఆమె వంటింట్లో గహ్వా దగ్గర ఉండేది. ఆ అరుపు మీదే తన గొంతు నింపి, గౌనులో చుట్టి నయీమ్‌కిచ్చింది. రికార్డరు ఖాళీగా ఉంటే బాగుండదని తర్వాత వెతికితే సొరుగులో దొరికిన అలాంటిదే ఇంకొకటి పెట్టింది. అదే ఆ ఒంటెల పాఠం.

నీళ్ళు తాగడానికి వచ్చిన బాషాకి తలుపు పక్కన నిలబడి అంతా చెప్పింది.

అతను గ్లాసు కింద పెట్టాడు. “చెప్పినావా ఎవరికన్నా?”

“అల్లాకి. ఇప్పుడు నీకు.”

“అయితే ఇద్దరం నోరు మూసుకుంటాంలే. నేను పొయ్యి బోర్డు కాలిపొయ్యిందని చెప్తా. పాతది, కాలిపొయ్యింది, ఖలాస్. ఎవరూ అడగరు. నువ్వు చెప్పినావంటే మాత్రం దొంగతనం అంటారమ్మా. పోలీసు దాకా పోతాది.”

“మామా తినక తొమ్మిది దినాలాయన్నా.”

“తింటాదిలే. ఎంతమంది తినడంల్యా.”

అమీర్‌బీ అటు చూసింది. హాల్లో మామా ఆ ఇసుక పొట్లం విప్పి, ఒళ్ళో పెట్టుకుని, వేలితో గీతలు గీస్తోంది. నిలువుగా మూడు, అడ్డంగా రెండు. చెరిపి మళ్ళీ గీస్తోంది.

చెంగుతో చేతులు తుడుచుకుని వెళ్ళి, ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. తప్పు దాచుకోకుండా నోరు తెరిపించేవాడు పైవాడే, లేకపోతే ఆ అడుగులు పడేవి కావు. వచ్చీరాని అరబ్బీలో ఉన్నదున్నట్టు చెప్పింది.

మామా ఇసుక పొట్లం మడిచి పక్కన పెట్టింది. బాషా తలుపు దగ్గర సంచి సర్దుకుంటున్నట్టు నటిస్తున్నాడు.

“అందులో ఏం చెప్పావు?” అంది మామా చివరికి.

“నా బిడ్డను తిన్నావా అని అడిగినా మామా.”

“ఇంకా?”

“ఏడు మాటలడిగినా. అడిగి అడిగి ఊరుకున్నా.”

బాషా చప్పున తల తిప్పాడు. “ఊరుకున్నావా? ఎంతసేపు?”

“ఒగ ‘బిస్మిల్లా’ పూర్తిగా అనుకునేంతసేపు. ఒగోసారి ఇంకా ఎక్కువ.”

“అట్లయితే ఉండాది!” అతని గొంతు మారిపోయింది. “మాట పడిన చోటే పాతది చెరుగుతాది మా. మౌనం పడిన చోట చెరగదు. ఇట్లాంటివి నేను ముందర రెండు చూసినా. పన్నెండు గళ్ళల్లో మాటల కింద అయిదు పొయ్యుంటాయి, ఖాళీల్లో ఏడన్నా మిగిలుంటాయి.”

నయీమ్ తిరిగి రావాలంటే ఇంకా ఏడు వారాలు. మామా అంతవరకు ఉండేలా లేదు. బాషాయే ఉపాయం చెప్పాడు. క్యాసెట్టు అరుపు గాలిలో వచ్చినా తీగలో వచ్చినా అరుపే. రాయచోటి ఎస్టీడీ బూతులో టేపురికార్డరు పెట్టి ఫోనులో వినిపిస్తే, ఇక్కడ ఫోను తీగ కంప్యూటరు చెవికి కలపొచ్చు.

శుక్రవారం జుమా నమాజు అయ్యాక పెట్టుకున్నారు. ముబీనాని పెంచుతున్న తన అమ్మ హమీదా బీతో అమీర్‌బీయే ముందుగా మాట్లాడింది.

“ఆ అమ్మా, పాప పక్కనే ఉందా? ఇయ్యి.”

“అమ్మీ!” అంది అవతల గొంతు. “నానీ చెప్పింది, నేను మాట్లాడకూడదంట.”

“క్యాసెట్టు అయిపొయ్యేదాకా మా. నోటి మీద చెయ్యి పెట్టుకో. నా బంగారు కదా.”

“క్యాసెట్టులో నువ్వడుగుతావు కదా, అప్పుడు?”

“అప్పుడు కూడా వద్దు మా.”

“నువ్వడిగితే కూడా వద్దా?”

దీనికి అమీర్‌బీ జవాబు చెప్పేలోపు బాషా ఫోను అందుకుని తీగలు కలిపేశాడు. ఇక ఇటునుంచి ఏం చెప్పినా అటు వినపడదు. అటునుంచి వచ్చేదంతా టీవీలోంచి వినిపిస్తుంది. మామా కుర్చీలో, అమీర్‌బీ నేల మీద, బాషా మోకాళ్ళ మీద. తెర నీలంగా ఉంది.

టీవీలోంచి అమీర్‌బీ గొంతు వచ్చింది. ‘ముబీనా, నేను మా, అమ్మీని. తిన్నావా?’

తర్వాత కీచుమని అరుపు. తెర మూలన ఒక గడి తెల్లబడింది, అంచున అల లాంటిదేదో కదిలింది. మామా ముందుకి వంగింది.

“తిన్నా అమ్మీ. నానీ పప్పు చేసింది” అంది ముబీనా.

గడి నల్లబడిపోయింది.

“అయ్యో, మాట్లాడద్దని చెప్తిమి కదా!” బాషా నెత్తి కొట్టుకున్నాడు.

‘తల దువ్వుకున్నావా? పేన్లు పడ్డాయా?’

అరుపు, తెల్లటి గడి. ఈసారి కొంచెంసేపు నిలిచింది. తర్వాత వేళ్ళ సందుల్లోంచి వచ్చినట్టు చిన్న గొంతు. “రెండు జడలు ఏసింది నానీ. పేన్లు లేవు. ఒగటుండె, సంపేసింది.”

నలుపు.

“ఏమంటోంది పిల్ల?” అంది మామా, తెర మీదినుంచి కళ్ళు తిప్పకుండా.

అమీర్‌బీ ఒక్కొక్కటే అరబ్బీలోకి చెప్పింది. నానీని సతాయిస్తున్నావా అని క్యాసెట్టు అంటే, లేదు, నానీయే నన్ను సతాయిస్తుంది అంది. బడికి పోతున్నావా అంటే, పోతున్నా, పలక పగిలింది అంది. దగ్గు తగ్గిందా అంటే, అది పోయిన చలికాలం దగ్గు కదా అమ్మీ, ఎప్పుడో తగ్గింది అంది. ఒక్కో జవాబుకి ఒక్కో గడి ఆరిపోతూ వచ్చింది.

‘గౌను పంపినా కదా, సరిపోయిందా?’

“లేదమ్మీ. పట్టలేదు. నువ్వు చిన్న ముబీనాకి కొన్నావు.”

ఆరో గడి ఆరిపోయింది. అమీర్‌బీ ఈ మాటని అరబ్బీలోకి చెప్పలేకపోయింది. చేతులతో నేల నుంచి ఇంత ఎత్తని చూపించి, తర్వాత ఇంత ఎత్తని చూపించింది. మామా ఆ రెండు చేతుల మధ్య జాగా చూసింది.

‘ఇంగ ఒగటే అడుగుతా. అమ్మీ ఎప్పుడొస్తాదో చెప్పు చూద్దాం?’

అరుపు మొదలైంది. చివరి గడి తెల్లబడింది. అవతల ఎవరూ మాట్లాడలేదు. అరుపు సాగింది, సాగింది. గడిలో ఒక అల లేచి ఒడ్డుకి వచ్చింది, దాని వెనుక ఇంకొకటి. ముబీనా మాట్లాడలేదు. బూతులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, హమీదా బీ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించాయి. పిల్ల మాత్రం మాట్లాడలేదు.

అరచేయంత గడి. అందులోంచి సన్నగా గాలి వచ్చింది. మామా నుదుటి మీది నెరసిన వెంట్రుక ఒకటి కదిలింది.

పన్నెండు రోజులుగా ఏడవని మనిషి అప్పుడేడ్చింది. చప్పుడు లేకుండా, ఆ గాలికి మొహం ఇచ్చి. టేపు అయిపోయి ఫోను టక్కుమంది. గడి ఆరిపోయింది.

“దీనికి ఎందుకు జవాబు చెప్పలేదు?” అంది మామా. “అన్నిటికీ చెప్పింది కదా.”

“మొదట్లో చెప్పేది మామా. ‘రేపు’ అనేదంట. ప్రతి క్యాసెట్టుకీ ‘రేపు, రేపు’ అని అరిచేదంట. మా అమ్మ చెప్పింది. ఇప్పుడు ఆ మాటొస్తే ఊరుకుంటాదంట.”

మామా లేచింది. గోడ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. ఇనప బీరువా కిర్రుమంది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో ఒక పాస్‌పోర్టు, ఒక చిన్న గుర్తింపు కార్డు ఉన్నాయి, రెంటికీ కలిపి ఒకే రబ్బరు బ్యాండు. కార్డు మీద మీసాలు సరిగా రాని కుర్రాడి ఫోటో. ఆమె బ్యాండు తీసి, కార్డుకి మళ్ళీ చుట్టి, పాస్‌పోర్టు అమీర్‌బీ ఒళ్ళో పెట్టింది.

“పో.”

“నేను పోతే నీకు అన్నమెవరు పెడతారు మామా?”

“ఆ రోజు రొట్టె లేకపోతే ఏం? ఒక పూట పస్తుంటే పోయేది. నేనే పంపాను వాణ్ణి.” మామా కుర్చీలో కూలబడింది. “నిన్ను మాత్రం పట్టి ఉంచాను. రెండూ నేనే. యల్లా, పో. నీకు పోవడానికి చోటు తెలుసు కదా.”

పది రోజుల్లో కాగితాలు అయ్యాయి. వెళ్ళేరోజు ఉదయం అమీర్‌బీ చేప వండి, ఉప్పు సరిగా వేసి, పళ్ళెం మామా ఒళ్ళో పెట్టింది. మామా రెండు ముద్దలు తింది. అమీర్‌బీ గడప దాటుతుంటే కళ్ళు మూసుకుంది.

రాయచోటిలో ముబీనా తల్లి దగ్గరికి రాలేదండీ. వస్తుందనుకున్నారు అందరూ. నానీ వెనుక దాక్కుని, ఎవరో చూడవచ్చిన కొత్త మనిషిని చూసినట్టు చూసింది. సాయంత్రం కాగానే టేపురికార్డరు ముందు కూర్చుని క్యాసెట్టు పెట్టుకుంది. ‘తిన్నావా?’ అని క్యాసెట్టు అడిగితే “తిన్నా అమ్మీ” అంది. తల్లి నాలుగడుగుల దూరంలో బియ్యం ఏరుతూ కూర్చునే ఉంది. అలా నాలుగు రోజులు. రాళ్ళు ఏవో, గింజలు ఏవో అమీర్‌బీకి కనపడటం మానేశాయి.

అయిదో రోజున క్యాసెట్టు ఏడో మాట అడిగింది. ‘అమ్మీ ఎప్పుడొస్తాదో చెప్పు చూద్దాం?’ ముబీనా ఊరుకుంది. టేపు కీచుమంటూ తిరుగుతోంది. పిల్ల తల తిప్పి చేట ముందున్న మనిషిని చాలాసేపు చూసింది. తర్వాత క్యాసెట్టుకేసి, “వచ్చేసింది కదా” అంది. మీట నొక్కి, క్యాసెట్టు బయటికి తీసి, లేచి వచ్చి తల్లి చేతిలో పెట్టింది.

“ఇది కువైట్ ఆయమ్మది కదా. ఇచ్చేయ్.”

నయీమ్ సెలవు ముగించుకుని పోతూ దాన్ని తీసుకెళ్ళాడు. చాంద్ బాషా దగ్గరుండి కంప్యూటరుకి వినిపించాడు. ఏడు గళ్ళు తెరుచుకున్నాయి, అయిదు నల్లగానే ఉండిపోయాయి. ఏడు గళ్ళకి సరిపడా గాలే వచ్చింది, పరదా అంచు మాత్రం కదిలేది. అది చాలంది మామా. వండిపెట్టడానికి ఒక ముసలి చుట్టం వచ్చి చేరింది. రెండు నెలలకోసారి బాషా వెళ్ళి రికార్డరు తల తుడిచి, లోపలి ఇసుక ఊడ్చి వచ్చేవాడు. అతనే చెప్పేవాడు, మామా కిటికీ ముందు కూర్చుని, ‘బదర్, తిన్నావా?’ అని అడిగి ఊరుకుంటుందని. చివర్లో రోజూ ఒకే మాట అడిగేదట. ‘అమ్మ ఎప్పుడొస్తుందో చెప్పు?’ అడిగి, టేపు అయిపోయేదాకా ఊరుకునేదట.

మూడో ఏడు మే నెలలో ఒక పొద్దున, బూతు అబ్బాయి వచ్చి కువైట్ ఫోనని పిలిచాడు. అమీర్‌బీ కూతురి జడ సగంలో వదిలి పరిగెత్తింది.

“మామా పొయ్యింది మా” అన్నాడు చాంద్ బాషా. “నిన్న అసర్ తర్వాత. కుర్చీలోనే.”

“ఇన్నా లిల్లాహి” అంది అమీర్‌బీ.

“ఒగ మాట చెప్పాలని చేసినా. నేను పొయ్యేసరికి టీవీ ఎలుగుతానే ఉండాది. పన్నెండు గళ్ళూ ఎలుగుతాండాయి.”

“నల్లవి?”

“ఒగటి కూడా లేదు మా. క్యాసెట్టు ఎప్పుడో ఆగిపొయ్యింది. ఇంటి పరదాలన్నీ లేస్తాండాయి.” అతను ఆగాడు. “మామాను కడిగేదానికి వచ్చిన ఆడోళ్ళు చెప్పినారు. మామా గౌను అంచు మోకాళ్ళ దాకా తడి. కాళ్ళ ఏళ్ళ సందున ఇసుక.”

అమీర్‌బీ ఇంటికి వచ్చింది. ముబీనా ఒక జడతో, రెండో జడ రిబ్బను పళ్ళతో పట్టుకుని, అద్దం ముందు అలాగే కూర్చుని ఉంది. అమీర్‌బీ వెనుక కూర్చుని దువ్వెన తీసుకుంది.

“ఎవరమ్మీ ఫోను?”

“బదరన్న వాళ్ళమ్మ గురించి.”

“ఏమంట?”

దువ్వెన ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. సముద్రం చూడాలంటే అర పూట బస్సులో పోవాల్సిన ఊరు అది, బయట రాళ్ళు పగిలే ఎండ. ఆ నిశ్శబ్దంలో వాకిలి పరదా మెల్లగా లేచింది. ఉప్పు వాసన, కొంచెం చేపల వాసన, చల్లటి గాలి గదిలోకి వచ్చి ఇద్దరి మొహాలకీ తగిలింది.

ముబీనా రిబ్బను నోట్లోంచి తీసి తల్లి చేతికిచ్చింది.

“వాళ్ళమ్మ వచ్చేసిందా?” అంది.

“వచ్చేసింది మా” అంది అమీర్‌బీ.